గ్రీజు పద్దు

వీళ్లిద్దరూ మేనమామ, మేనకోడలు. ఆయన జలవనరుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)గా చేరి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (ఈఈ)గా రిటైరైన మనిషి. సర్వీసంతా కాలువ గట్ల మీద, డ్యాముల కింద క్వార్టర్లలో గడిచింది. ఆమె విజయవాడలో లాయరు. 2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేటల్లో ఇళ్లు మునిగినవాళ్లకు పరిహారం అర్జీలు రాసిపెట్టింది. ఒకరంటే ఒకరికి ప్రాణం, ఇద్దరికీ పడనిది ఒక్క విషయం. పెద్ద ఆపద మీదపడ్డప్పుడు ప్రభుత్వ శాఖలు తెల్లమొహం వేయడం చేతగానితనమని ఆమె వాదం. చేతులు కట్టేసి ఈదమంటే ఎవరు ఈదుతారని ఆయన వాదం. పక్కన కూర్చుని విన్నది ఇక్కడ పెడుతున్నాను. ఊరుకోలేక నేను కలగజేసుకున్న చోట్లు వేరుగా తెలుస్తాయి.

మేనకోడలు: బుడమేరు నిన్న పుట్టిన ఏరు కాదు కదా మామయ్యా. 2005లో ఇదే ఊరిని ముంచింది. పందొమ్మిదేళ్ల గడువిచ్చి మళ్లీ వచ్చింది. ఈ పందొమ్మిదేళ్లూ మీ శాఖ ఏం చేసినట్టు?

మామయ్య: చేసింది చెప్తే వింటావా, ముందే తీర్పు రాసుకొచ్చావా? వెలగలేరు దగ్గర రెగ్యులేటరు ఉంది. అక్కణ్నుంచి నీళ్లు ఊళ్లోకి రాకుండా కృష్ణలోకి మళ్లించే కాలువ ఉంది. పట్టిసీమ నుంచి పోలవరం కుడి కాలువలో వచ్చే నీళ్లూ అందులోనే కలిసి పోతాయి. అప్పటికి ఆ కాలువ పట్టేది 15 వేల క్యూసెక్కులు. ఆ రోజు ఏట్లో వచ్చింది 35 వేలకు పైమాట. విజయవాడలో ఒక్కరోజే పాతిక సెంటీమీటర్లు దాటి కురిసింది. పైగా కృష్ణ కూడా అదే వేళకు పొంగింది. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది. బ్యారేజీ కట్టాక అంత నీళ్లు ఎన్నడూ రాలేదు. నది నిండుగా ఉంటే మళ్లింపు కాలువ నీళ్లు ఎక్కడికి దిగుతాయి? వెనక్కి తన్నుతాయి. కట్టకు మూడుచోట్ల గండి పడింది. దీన్ని చేతగానితనం అనకూడదమ్మాయ్. డిజైనుకు మించిన వరద అంటారు.

మేనకోడలు: మీరిప్పుడు చెప్పిన అంకెలన్నీ కాగితం మీద ముందే ఉన్నవే కదా. 15 వేలు పట్టే కాలువని తెలుసు. దాన్ని వెడల్పు చేసే పనులు మొదలై సగంలో ఆగాయని తెలుసు. థర్మల్ స్టేషన్ దగ్గర దారి ఇరుకని తెలుసు. కృష్ణ, బుడమేరు ఒకేసారి వస్తే ఏమవుతుందో తెలుసు. రెగ్యులేటరు గేట్లెత్తితే నీళ్లు పాతదారి పట్టి ఊళ్లోకి వస్తాయని సింగ్‌నగర్‌లో ఆటో తోలేవాడికి కూడా తెలుసు. నేను వాన సంగతి అడగడం లేదు. గేట్లెత్తేముందు ఆ కబురు ఎవరికి వెళ్లింది? ఎక్కడ ఆగిపోయింది? అది చెప్పండి.

మామయ్య: రెండున్నర లక్షల మంది ఉన్న పేటల్ని ఒక్క రాత్రిలో ఖాళీ చేయించడం ఎవరివల్ల అవుతుంది? ఎన్ని బస్సులు కావాలి? ఎక్కడ దించాలి? పోలీసొచ్చి తలుపు కొడితే మన జనం లేచి వస్తారా?

మేనకోడలు: ఖాళీ చేయించమని ఎవరన్నారు? బండి తీసుకెళ్లి ఫ్లైఓవర్ మీద పెట్టుకోండి, ముసలమ్మను పైవాటాలోకి ఎక్కించండి, బిందెల్లో మంచినీళ్లు పట్టుకోండి, బీపీ మాత్రలు, పిల్లల పాలు, సర్టిఫికెట్లు అటక మీద పెట్టండి. ఇంతే చెప్పమన్నాను. దీనికి బస్సులక్కర్లేదు. వార్డుకొక మైకు ఆటో చాలు. ఎన్నికలప్పుడు సందుకు రెండు తిరుగుతాయి కదా! నేను రాసిన అర్జీల్లో ఎక్కువ భాగం పోయిన ప్రాణాల కోసం కాదు మామయ్యా. ఫ్రిజ్జు, కుట్టుమిషను, బండి, పదో తరగతి మార్కుల జాబితా. ఆరు గంటల ముందు మాట తెలిస్తే సగం మిగిలేవి.

మామయ్య: ఆ తర్వాత చేసింది మాత్రం నీకు కనపడదు. ముఖ్యమంత్రి వచ్చి కలెక్టరేట్‌లోనే మకాం పెట్టాడు. డ్రోన్లతో అన్నం పొట్లాలు పంపారు. సైన్యం వచ్చింది. మా వాళ్లు రాత్రీ పగలూ వానలో నిలబడి గండ్లు పూడ్చారు. మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తువాళ్లకు పది వేలు ఇచ్చారు.

మేనకోడలు: కాదనను. గండి పూడ్చినవాళ్లకు దండం పెడతాను. నా గొడవంతా గండి పడకముందు సంగతి. వరదొచ్చాక మనవాళ్లు వీరులు. వరదకు ముందు ఆ వీరులు ఎక్కడుంటారో తెలియదు.

మామయ్య: ఇక ఇల్లు తగలబడ్డాక బావి తవ్వే సామెత చెప్తావు. ఉద్యోగంలో చేరిన నాటినుంచి వింటున్నాను, దయచేసి వద్దు. సరే, వ్యవస్థ చేతగానిదే అనుకుందాం. మరి ఇది చెప్పు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. ప్రభుత్వ లెక్కలోనే దాదాపు పది వేల మంది. 1990 మేలో అదే కృష్ణ ముఖద్వారం దగ్గర అంత పెద్ద తుఫానే తీరం దాటింది. పోయినవాళ్లు వెయ్యి లోపు. లక్షన్నరకు పైగా జనాన్ని ముందే తరలించారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏకంగా విశాఖ నగరం మీదే దిగింది. కైలాసగిరి మీద వాతావరణ శాఖ రాడారే పాడైపోయింది. చనిపోయినవాళ్లు పదుల్లోనే. ఇదే రెవెన్యూ, ఇదే పోలీసు, ఇదే మేం. చేతగానివాళ్లమైతే ఆ అంకెలు ఎలా దిగాయి?

ఇక్కడ ఆమె కాసేపు ఆగింది. నిజానికి ఈ ప్రశ్నకు తేలికైన జవాబు లేదు. ప్రభుత్వాన్ని తిట్టే వ్యాసాల్లో ఎవరూ ఎత్తని ప్రశ్న ఇది. ఒడిశా సంగతీ అంతే. 1999 సూపర్ సైక్లోన్‌లో దాదాపు పది వేల మంది పోయిన రాష్ట్రం 2013లో ఫైలిన్ వచ్చేసరికి పది లక్షల మందిని ముందే కదిలించింది. చావులు పదుల్లో ఆగాయి. నేర్చుకోవడం చేతకాని యంత్రాంగం ఆ పని చేయలేదు.

మేనకోడలు: మధ్యలో ఒకటి దాటేశారు. 1996 నవంబరు 6, కోనసీమ. 1990లో నేర్చుకున్న పాఠం ఉండగానే వెయ్యి మందికి పైగా పోయారు. అందులో సముద్రంలో ఉన్న మత్స్యకారులు ఎంతమందో! ఒడ్డున ఉన్నవాళ్లను కదిలించడం నేర్చుకున్నారు, వేటకు వెళ్లినవాళ్లకు కబురందించడం ఇంకా నేర్చుకోలేదప్పటికి. సరే, మొత్తమ్మీద మీ మాట ఒప్పుకుంటాను. తుఫానుల విషయంలో నేర్చుకున్నారు. ఎందుకు నేర్చుకోగలిగారో చెప్పమంటారా?

మామయ్య: చెప్పు.

మేనకోడలు: తుఫానుకు సొంతదారు ఉన్నాడు. వాతావరణ శాఖ నాలుగు రోజుల ముందు చెప్తుంది, పేరు పెడుతుంది, దారి గీస్తుంది. అక్కణ్నుంచి కలెక్టరు మాటే మాట. పోర్టులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేయాలో, ఏ ఊరివాళ్లు ఏ షెల్టరుకు పోవాలో, ఏ స్కూల్లో వంట చేయాలో రాసి ఉంటుంది. తేడా వస్తే అడగడానికి ఒక మనిషి దొరుకుతాడు. బుడమేరుకు? కొండల నుంచి వెలగలేరు దాకా మీది. మళ్లింపు కాలువ మీదే గాని పోలవరం కాలువ లెక్క వేరు. థర్మల్ స్టేషన్ దగ్గర జెన్‌కో. ఊళ్లోకొచ్చాక కార్పొరేషన్. వంతెనల కింద రైల్వే. ఆక్రమణలు రెవెన్యూ. ఎనికేపాడు దాటి కొల్లేరు వైపు పోతే మళ్లీ మీ డ్రైనేజీ వాళ్లు. ఒక్క ఏరుకు ఇంతమంది. ఎవరి ముక్క వాళ్లు సరిగానే చూసుకున్నామంటారు. ఏరు మాత్రం ముక్కలుగా రాదు.

మామయ్య: ఆ మాట బాగానే ఉంది. మేం కూడా అదే మొత్తుకున్నాం. ఆక్రమణలు తీయండని మా శాఖ రాసిన ఉత్తరాలు తిరగేస్తే ఒక బీరువా నిండుతుంది. ఏటి గర్భంలో ఇల్లు కట్టినవాడికి కరెంటు మీటరు ఎవరిచ్చారు? ఇంటి పన్ను ఎవరు కట్టించుకున్నారు? రోడ్డు ఎవరు వేశారు? నేనా?

మేనకోడలు: ఉత్తరం రాయడంతో పని అయిపోయిందనుకున్నారు, చూశారా, సరిగ్గా అదే నా ఫిర్యాదు. ఉత్తరం రాసినవాడు రేపు విచారణలో గట్టెక్కుతాడు. అందుకే రాస్తాడు. ఏరు ఖాళీ కావడానికి కాదు.

మామయ్యగారికి ఇది తగిలింది. కాసేపు మాట మార్చి కాఫీ అడిగారు. తర్వాత తనంతట తానే గేట్ల దగ్గరికి వచ్చారు. ఆయనకు బాగా తెలిసింది అదే. నాకూ ఆ భాగమే ముఖ్యమనిపించింది.

మామయ్య: గేటంటే ఏమనుకుంటున్నావు? ఇనపరేకు కాదు. పైన మోటారు, గేర్‌బాక్సు, డ్రమ్ము. వాటినుంచి దిగే వైరు రోపులో, గొలుసులో. పక్కల రబ్బరు సీళ్లు. రేడియల్ గేటైతే ఇరుసు. కరెంటు పోతే జనరేటరు, అదీ మొరాయిస్తే చేత్తో తిప్పే హ్యాండిల్. ఇదంతా ఏడాదంతా తడిలో, ఎండలో పడి ఉంటుంది. పనిబడేది మాత్రం ఏడాదికి కొన్ని రోజులు. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు ప్రతి గేటూ ఎత్తి, దించి చూడాలి. రోపుకు, చైనుకు గ్రీజు పట్టించాలి. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ చేసి లోపాలు రాయాలి. ఆ పని చేసేవాడు చీఫ్ ఇంజనీరు కాదు. లష్కర్. ఏ గేటు ఎక్కడ పట్టేస్తుందో, ఏ మోటారు మొదటి స్విచ్చికి అందుకోదో వాడి చెవికి తెలుస్తుంది. ఆ లష్కర్ రిటైరైతే ఆ పోస్టు నింపరు. మహా అయితే పొరుగుసేవల కింద ఒక కుర్రాణ్ని ఇస్తారు. జీతం నెలల తరబడి రాకపోతే వాడు మానేస్తాడు. గ్రీజుకు బిల్లు పెడితే నిధులు లేవని వెనక్కొస్తుంది. ఎవరిది చేతగానితనం?

మేనకోడలు: మీరు నా తరఫున వాదిస్తున్నారు మామయ్యా.

మామయ్య: కాదు. మనుషుల్ని తిట్టొద్దంటున్నాను.

మేనకోడలు: అయితే వరస చూద్దాం. 2021 ఆగస్టు 5న పులిచింతల 16వ గేటు కొట్టుకుపోయింది. అదే ఏడాది నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టే పోయింది. 2022 ఆగస్టు ఆఖర్న గుండ్లకమ్మలో ఒక గేటు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానప్పుడు అదే గుండ్లకమ్మలో ఇంకొకటి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్రలో చైను తెగి 19వ గేటు. మూడేళ్లలో ఇన్ని. ఒక్కటైతే దురదృష్టం అనొచ్చు. ప్రభుత్వాలు మారాయి, మంత్రులు మారారు, నది మారింది, తుంగభద్రకైతే బోర్డే వేరు. పోయేది మాత్రం గేటే.

మామయ్య: అన్నమయ్యను ఆ జాబితాలో కలపొద్దు. అది వేరే కథ. పైన పింఛ ముందు తెగింది. ఆ నీళ్లూ, వాన నీళ్లూ కలిసి మూడు లక్షల క్యూసెక్కులు దాటాయి. ఐదు గేట్లూ ఎత్తితే పోయేది 2.17 లక్షలు. ఒక గేటు లేవలేదని కేంద్ర మంత్రి షెకావత్ రాజ్యసభలో దెప్పాడు. లెక్క చెయ్యి. ఒక గేటు వాటా 43 వేలు. అదీ లేచినా ఇంకో లక్ష మిగిలే ఉంది. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లితే ఏ దేవుడూ ఆపలేడు.

మేనకోడలు: లెక్క సరే. కానీ 43 వేల క్యూసెక్కులు అదనంగా పోతే కట్ట మీదికి నీళ్లెక్కడానికి ఇంకొంత సేపు పట్టేది. ఎంతసేపో నాకు తెలియదు, మీ వాళ్లు లెక్కగట్టి చెప్పాల్సింది. ఆ రోజు కార్తీక పౌర్ణమి. తెల్లవారుజాము. కింద పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట. నందలూరు దగ్గర ఆర్టీసీ బస్సులు నీళ్లలో చిక్కుకున్నాయి. అక్కడ నిమిషాలకు విలువ ఉంది. ఇంకో సంగతి. ఆ రాత్రి కింది ఊళ్లకు ఫోన్లు చేసి జనాన్ని లేపింది ఒక లష్కర్ అని పత్రికల్లో వచ్చింది. సైరన్ కాదు, కంట్రోల్ రూమ్ కాదు. మీరిందాక చెప్పిన లష్కరే. అతని దగ్గర ఉన్న హెచ్చరిక వ్యవస్థ ఏమిటి? సొంత సెల్‌ఫోను.

మామయ్య: ఊఁ.

మేనకోడలు: తుంగభద్ర సంగతీ చెప్పండి. 33 గేట్లు, 1953 నాటి డ్యాము, మూడు రాష్ట్రాల రైతులు. ఒక గేటు పోతే ఆ ఖాళీలో దించడానికి స్టాప్‌లాగ్ లేదు. గేటు పోయాక హోస్పేటలో తయారు చేయించారు. డెబ్బై ఏళ్లలో ఒక్క వేసవి కూడా ఎవరికీ తోచలేదా, ఒకటి చేయించి పక్కన పెట్టుకోవాలని?

మామయ్య: ఆ డ్యాము కట్టినప్పటి డిజైన్లో స్టాప్‌లాగ్‌కు ఏర్పాటే లేదు. అందుకే ప్రవహించే నీళ్లలో ఆ దిమ్మలు దించడం అంత కష్టమైంది. అయినా దించారు, వారం లోపల. ఎవరు దించారో తెలుసా? గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు. రిటైరై ఎన్నేళ్లో. ఆ పని ముగించాడో లేదో, సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి పడవలు కొట్టుకొచ్చి గేట్ల కౌంటర్ వెయిట్లు పగిలాయి. మళ్లీ ఆయన్నే పిలిచారు. మన దగ్గర విద్య లేదని ఎవరంటారు?

మేనకోడలు: నేనంటాను. విద్య ఆయన దగ్గరుంది, శాఖ దగ్గర లేదు. రెండు నదుల మీద గేట్లు విరిగితే ఒక పెద్దాయన ఫోన్ నంబరే మన విపత్తు ప్రణాళిక. ఆయన తర్వాత ఎవరు? ఆయన చేతికింద ఎంతమందిని తయారు చేశారు? ఆయన చేసిన పని గీతలు గీసి, ఫొటోలు తీసి, ఎక్కడైనా పుస్తకంగా పెట్టారా?

ఈ ప్రశ్నకు మామయ్యగారు జవాబివ్వలేదు. శ్రీశైలం గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఆయన తప్పించుకున్నారని నేను అనుకున్నాను గాని, శ్రీశైలం గురించి చెప్పింది మాత్రం పనికిమాలిన మాట కాదు.

మామయ్య: 2009 గుర్తుందా? ఆగస్టు దాకా కరువు. రిజర్వాయర్లో చుక్క చేరితే ఒడిసిపట్టండని అందరూ. నింపుకుంటూ వచ్చారు. అక్టోబరు మొదట్లో తుంగభద్ర, కృష్ణ ఒక్కసారిగా వచ్చాయి. డిజైను 19 లక్షల క్యూసెక్కులైతే 25 లక్షలు దాటి వచ్చింది. కర్నూలు ఊరు ఊరంతా మునిగింది. అప్పుడేమన్నారు? ముందే ఎందుకు ఖాళీ చేయలేదన్నారు. ఖాళీ చేసి, ఆ తర్వాత వాన రాకపోతే? రాయలసీమ రైతు మా ఆఫీసు ముందు టెంటు వేసేవాడు. రిజర్వాయరు ఖాళీగా ఉంచడమంటే రాని వరద కోసం ఉన్న పంటను పణం పెట్టడం. ఆ నిర్ణయం ఈఈ చేతిలో ఉండదు. సీఈ చేతిలోనూ ఉండదు. అయినా ఆ డ్యాము నిలబడింది. అది మావాళ్లు కట్టిందే.

మేనకోడలు: నిలబడింది, నిజం. అయితే ఇప్పుడు డబ్బు సంగతి. నిధులు లేవంటారు. విపత్తులకు నిధులు లేవా?

మామయ్య: ఉన్నాయి. ఎక్కడున్నాయో చూడు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా రాష్ట్రాల విపత్తు నిధిని పంచిన తీరు ఇది. వంద రూపాయల్లో 20 ముందస్తు నివారణకు. మిగిలిన 80లో 40 సహాయానికి, 30 పునర్నిర్మాణానికి, 10 సన్నద్ధతకు. అంటే వందలో 70 మునిగాక ఖర్చుపెట్టడానికి. అదీ మెరుగే, అంతకుముందు నివారణకంటూ విడిగా ఇంత వాటా లేదు. కానీ నా గేటు గ్రీజు అందులోకి రాదు. అది శాఖ నిర్వహణ పద్దు. బడ్జెట్లో కోత అంటే ముందు ఆ పద్దు మీదే పడుతుంది. కొత్త ప్రాజెక్టుకు శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. గ్రీజుకు ఏ మంత్రి కొబ్బరికాయ కొడతాడు? ఇంకో మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. అమెరికాలో హీలీ, మల్హోత్రా అని ఇద్దరు పరిశోధకులు 2009లో ఒక వ్యాసం రాశారు. విపత్తు వచ్చాక సాయం పంచిన పార్టీకి ఓట్లు పెరిగాయట, ముందుజాగ్రత్తకు ఖర్చుపెట్టిన పార్టీకి ఏమీ పెరగలేదట. ముందు పెట్టిన ఒక్క డాలరు తర్వాత 15 డాలర్ల నష్టాన్ని తప్పిస్తున్నా సరే. మీ సింగ్‌నగర్‌లో కూడా 25 వేలు ఎవరిచ్చారో గుర్తుంటుంది. కాలువ ఎవరు తవ్వలేదో గుర్తుంటుందా?

మేనకోడలు: చివరికి తప్పు మునిగినవాడిదే అన్నమాట! ఓటరుకు కనిపించనిది ఎలా మెచ్చుకుంటాడు మామయ్యా? మీ తనిఖీ నివేదికలు ఎవరికి చూపిస్తారు? ప్రతి మేలో ఏ గేటు ఎత్తి చూశారు, ఏది లేవలేదు, మళ్లింపు కాలువ ఎంత దూరం తవ్వారు, ఎంత మిగిలింది, ఇంత రాసి సచివాలయం గోడకు అంటించండి. పింఛన్ల జాబితా అంటించడం లేదూ? అప్పుడు ఓటరు పట్టించుకోకపోతే నన్ను తిట్టండి.

మామయ్య: అంటిస్తే ప్రతిపక్షం మర్నాడే ధర్నా చేస్తుంది.

మేనకోడలు: చేయనివ్వండి. మునిగాక చేసే ధర్నా కంటే నయం. నేను లాయర్ని కాబట్టి చట్టం కూడా చెప్తాను. 2005లో విపత్తు నిర్వహణ చట్టం చేశారు. కేంద్రంలో ప్రధాని, రాష్ట్రంలో ముఖ్యమంత్రి, జిల్లాలో కలెక్టరు అధ్యక్షులుగా సంస్థలన్నారు. జాతీయ ప్రణాళిక ఉండాలన్నారు. ఆ ప్రణాళిక బయటికొచ్చింది 2016 జూన్‌లో. పదకొండో ఏట. 2013 ఏప్రిల్‌లో కాగ్ ఒక నివేదిక ఇచ్చింది. జాతీయ కార్యనిర్వాహక కమిటీ 2008 మే తర్వాత 2012 డిసెంబరు దాకా కూర్చోలేదని అందులో ఉంది. ఉత్తరాఖండ్ రాష్ట్ర సంస్థ 2007లో పుట్టిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా సమావేశం కాలేదని ఉంది. రెండు నెలలు తిరక్కుండా జూన్‌లో కేదార్‌నాథ్ వరద. మనవాళ్లు కూడా ఎంతమంది చిక్కుకున్నారో మీకు తెలుసు. దీనికి నిధులు కావాలా? సమావేశం పెట్టుకోవడానికి గ్రీజు కావాలా?

మామయ్య: అది... దానికి నేను జవాబు చెప్పలేను. అది మా శాఖ కాదు.

మేనకోడలు: ఆ చట్టంలోనే 51వ సెక్షను ఉంది. అధికారి ఆదేశాన్ని పాటించని పౌరుడికి శిక్ష. లాక్‌డౌన్‌లో బజారుకొచ్చినవాళ్ల మీద ఎన్ని కేసులు పెట్టారో కోర్టులో చూశాను. కొన్ని సెక్షన్ల తర్వాత 56 కూడా ఉంది. విధి నిర్వర్తించని అధికారికి ఏడాది దాకా జైలు. 51ని వాడినంత చురుగ్గా 56ను ఎవరైనా వాడగా మీరు విన్నారా?

మామయ్య: వాడితే ఏమవుతుందో చెప్పనా? ఒక ఏఈని, ఒక లష్కర్‌ని సస్పెండ్ చేస్తారు. జైలుకు పోతే వాళ్లే పోతారు. గ్రీజు బిల్లు వెనక్కి పంపినవాడి సంతకం ఫైల్లో ఎంత పైనుంటుందంటే, మీ 56 అక్కడిదాకా ఎక్కదు. ఆ తర్వాత ప్రతి ఏఈ రాత్రి రెండింటికి గేటెత్తాల్సి వచ్చినప్పుడు పైవాడి రాతపూర్వక ఆదేశం కోసం ఎదురుచూస్తాడు. ఆ ఎదురుచూపులో కట్ట తెగుతుంది. శిక్షలతో మీరు జాగ్రత్తను పెంచరు, భయాన్ని పెంచుతారు.

నాకిక్కడ ఆయనే సరి అనిపించింది. అంతకుముందు సొంతదారు విషయంలో ఆమె ఎంత సరో, శిక్షల విషయంలో ఈయన అంత సరి. ఈ రెండూ ఒకే చట్టంలో ఇమిడేలా రాయడం మన శాసనసభలకు ఇంకా చేతకాలేదు.

మేనకోడలు: అయితే సొంతదారును పెట్టండి. 2025లో చట్టం సవరించారు. కార్పొరేషన్లున్న నగరాలకు విడిగా పట్టణ విపత్తు నిర్వహణ సంస్థ పెట్టొచ్చన్నారు. బుడమేరు మొత్తాన్నీ, కొండ నుంచి కొల్లేరు దాకా, ఒకరి చేతిలో పెట్టమనండి.

మామయ్య: నగర సంస్థ అధికారం నగర పొలిమేర దగ్గర ఆగుతుంది. వెలగలేరు నగరంలో లేదు. పైగా ఆ చట్టం పెట్టొచ్చంది, పెట్టాలనలేదు. లాయరువి, ఆ తేడా నాకంటే నీకే తెలియాలి. సరే, అర్జీలు రాశావు, ఇప్పుడేం చేస్తావు?

మేనకోడలు: సమాచార హక్కు కింద దరఖాస్తు పెడుతున్నాను. వరదకు బాధ్యులెవరని.

మామయ్య: అలా అడిగితే సమాచారం అందుబాటులో లేదని ఒక్క వాక్యం వస్తుంది. బాధ్యత రికార్డుల్లో ఉండదు. అడగాల్సింది వేరు, రాసుకో. ఒక్కో రెగ్యులేటరుకు, డ్యాముకు గేట్ల ఆపరేషన్ లాగ్‌బుక్ నకళ్లు. జనరేటరు ఆఖరిసారి ఎప్పుడు నడిపారు, డీజిల్ ఎంత పోశారు. లష్కర్ పోస్టులు మంజూరైనవెన్ని, నిండినవెన్ని. అన్నిటికంటే ముఖ్యం, వానలకు ముందు తనిఖీ నివేదికలు, వరసగా ఐదేళ్లవి. అవి పక్కపక్కన పెట్టుకుని చదువు. ఒకే లోపం, ఒకే వాక్యం, అక్షరం మారకుండా ఐదు నివేదికల్లోనూ కనిపిస్తుంది చూడు, నీ కేసు అక్కడుంది. కార్పొరేషన్‌కి, జెన్‌కోకి కూడా అదే రోజు పెట్టు. లేకపోతే ఒకరి మీద ఒకరు తోసేసుకుంటారు.

మేనకోడలు: అయితే మీరు పనిచేసిన డివిజన్‌తోనే మొదలుపెడతాను.

మామయ్య: నిరభ్యంతరంగా. నా హయాంలో రిజిస్టర్లన్నీ సరిగానే ఉండేవి. తర్వాత వచ్చినవాళ్లు ఎలా ఉంచారో నాకు తెలియదు.

మేనకోడలు: మీకంటే ముందు ఈఈగా చేసినాయన్ని కూడా అడిగాను మామయ్యా. ఆయనా అచ్చం ఇదే చెప్పారు.